ఎడమ చెయ్యి దిగిన చోట

ఒకటి

మొదటి చెరువు: బొచ్చె చేపలు మేత బాగా తింటున్నాయి. రెండో చెరువు: ఏరియేటరు మళ్ళీ మూలుగుతోంది. మూడో చెరువు: ఫర్వాలేదు.

ఇంతవరకు రాస్తే నా ఉద్యోగం చేసినట్టే. అయితే ఈ నమోదులు ఎవరూ చదవరని ఇక్కడికి వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది. ఒకసారి చూద్దామని "మూడో చెరువులో మొసలి పడింది" అని రాశాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అందుకని మిగిలిన జాగాలో నా గొడవ నేను రాసుకుంటున్నాను.

చెరువులని మేమే అంటాం. నిజానికివి చంద్రుడి మట్టి కింద పాతిన పెద్ద పెద్ద తొట్లు. భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళం కదా, నీళ్ళూ చేపలూ ఉంటే మాకది చెరువే. మా ఆయన తాతారావు గారు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు చూస్తారు. నేను మేతా నీళ్ళూ చూస్తాను. పని ముగించి ఆయన కాళ్ళు చాపుకుంటారు, నేను మేత గదిలో సంచుల మధ్య కీబోర్డు ముందు కూర్చుంటాను. మా అమ్మ చూస్తే చేపల కంపులో సంగీతమేమిటే అనేది.

నాకు తోడు ఓ గుంపు ఉంది. పేరు 'తప్పటడుగులు'. అందరం తలలు నెరిశాక పియానో మొదలుపెట్టినవాళ్ళమే. కొందరు భూమ్మీద, కొందరు ఇక్కడ, ఒకావిడ కుజుడి మీద. వాయించి రికార్డు చేసి పంపుకుంటాం, ఒకరిది ఒకరం వింటాం. మొట్టమొదట వాయించిందే పంపాలి, బాగా వచ్చేదాకా వాయించి ఏరి పంపకూడదు. దాన్ని 'మొదటి చెయ్యి' అంటాం. విన్నవాళ్ళు ఊరికే "బాగుంది" అనకూడదు. "నేను ఇక్కడ ఆగాను" అని మొదలుపెట్టి, ఎక్కడ ఆగి మళ్ళీ విన్నారో, ఎందుకు విన్నారో చెప్పాలి. "బాగుంది" అని తప్పించుకున్నవాళ్ళు వారం పాటు వట్టి సరిగమలు వాయించి పంపాలి. కర్నూల్లో రైలు నడిపే జిలానీ ఆ శిక్షకి బాగా అలవాటు పడ్డాడు.

ఈ రూళ్ళు పెట్టింది సువార్తమ్మ గారు. ఊరు గుంటూరు దగ్గర, ఉండేది కుజుడి మీద విత్తనాల గదిలో. చిన్నప్పుడు చర్చిలో కీబోర్డు వాయించే అతని పక్కన నిలబడి పాటల పుస్తకంలో పేజీలు తిప్పేదట. పెళ్ళయ్యేదాకా తిప్పిందట గానీ ఒక్కసారి కూర్చోమన్నవాళ్ళు లేరు. ఏభై దాటాక, కుజుడి దాకా వెళ్ళి, అక్కడ కూర్చుంది.

రెండు

చెరువులు మూడూ ఫర్వాలేదు.

కొత్త నెట్‌వర్క్ వచ్చింది. ఇదివరకు పాట పంపితే దారిలో సగం చెడిపోయి, అటుకులు వేయిస్తున్నట్టు గరగరలాడుతూ వచ్చేది. ఇది శబ్దాన్ని మొత్తం మోసుకెళ్ళదట. ఫలానా మనిషి, ఫలానా వాయిద్యం, ఫలానా పాట అని గుర్తుపట్టి, గుర్తులు మాత్రం పంపి, చేరాల్సిన చోట మళ్ళీ తయారుచేసి వినిపిస్తుందట. ఎలా చేస్తే నాకేం, జిలానీ వాయించింది పక్క గదిలోంచి వచ్చినట్టు వినపడింది. గుంపంతా పండగ చేసుకున్నాం.

పండగలో ఒకటే వెలితి. సువార్తమ్మ గారికి పక్షవాతం వచ్చిందని వాళ్ళ కాలనీ డాక్టరు కబురు పెట్టి చాలా నాళ్ళయింది. ఎడమ వైపట. ప్రాణానికి భయం లేదన్నాడు. చేతి సంగతి అడిగితే, చూడాలి అన్నాడు.

మూడు

మేత తగ్గించాను, శీలావతి చేపలు సరిగా తినడం లేదు.

సువార్తమ్మ గారి రికార్డింగు వచ్చింది. మిరప కోతల్లో వాళ్ళమ్మ పాడుకునే కూనిరాగం ఒకటుంది, దాన్ని ఆవిడే పియానోకి కూర్చుకుంది. ముందు మాట్లాడింది కూడా. "అందరూ బాగున్నారా? నాకు వచ్చింది వాయించా, వినండి." గొంతులో ఏ తేడా లేదు. తర్వాత పాట. కుడి చేతి రాగం సాగుతుంటే, రెండో చరణం మొదట్లో ఎడమ చెయ్యి దిగింది. పెద్దమనిషి మెట్లు దిగినట్టు, నిదానంగా, ఒక్క తడబాటు లేకుండా.

మేత సంచి మీద కూర్చుని ఏడ్చేశాను. తాతారావు గారు తొంగిచూసి, "ఏవైందే, సేపలు తేలిపోయాయా?" అన్నారు. కాదు, ఆవిడ చెయ్యి వచ్చేసింది అన్నాను.

వెంటనే రాసి పంపాను: "నేను ఇక్కడ ఆగాను. రెండో చరణంలో మీ ఎడమ చెయ్యి దిగిన చోట. ఇదివరకటికన్నా హాయిగా ఉంది." జిలానీ అక్కడే ఆగాడట. గుంపులో దాదాపు అందరం అక్కడే ఆగాం.

ఆవిడ దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది. "సంతోషం అమ్మా." ఆ తర్వాత ఏమీ లేదు.

నాలుగు

రెండో చెరువు ఏరియేటరు ఇవాళ బాగా వణికింది. తాతారావు గారు దాని పక్కనే కాపురం పెట్టారు.

నేను వాయిస్తుండగా ఆయన వచ్చి మేత డబ్బా మూత కింద పడేశారు. ఉలిక్కిపడి పాట ఆపేశాను, నాలుగు తిట్టాను, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాను. మొదటి చెయ్యి కదా, అలాగే పంపాను. తిట్లు విని గుంపు నవ్వుకుంటుందని నా ఆశ.

జిలానీ రాశాడు: "నేను ఇక్కడ ఆగినా అక్కా. నడుమ యాడా ఆగకుండా ఒక్క ఊపులో పోయినావు చూడు, ఆ రెండో భాగం కాడ."

ఎక్కడా ఆగకపోవడమేమిటి? మూత చప్పుడు వినపడలేదా అని అడిగాను.

"మూతా? ఏం మూత అక్కా? శానా నున్నగా ఉంది పాట."

నా దగ్గరున్న రికార్డింగు పెట్టి విన్నాను, మూత అందులో ఉంది. తర్వాత అర్థమైంది. పాటలో మూత చప్పుడు ఉండదని నెట్‌వర్క్‌కి తెలుసు. నేను మధ్యలో ఆగనని, తిట్టనని అనుకుంది కాబోలు. నా పాత రికార్డింగులన్నీ దాని దగ్గరున్నాయి. వాటిని చూసి, నేను ఎలా వాయించాలో అలా వాయించి జిలానీకి వినిపించింది.

దాని వెనకే రెండో ఆలోచన వచ్చింది. దానికి తెలిసిన సువార్తమ్మ గారికి రెండు చేతులూ ఉన్నాయి.

ఐదు

చెరువులు చూశాను. ఏం చూశానో గుర్తులేదు.

సువార్తమ్మ గారికి రాశాను. మా మాటలు అక్కడికి చేరి తిరుగు కబురు వచ్చేలోపు అన్నం వండుకుని తినేయొచ్చు. నేను వండానే గానీ తినలేకపోయాను. ఇదీ ఆవిడ జవాబు. రాసింది కాబట్టి నెట్‌వర్క్ దీన్ని ముట్టుకోలేదు.

"సత్యవేణమ్మా, నువ్వు అడిగావు కాబట్టి చెప్తన్నా. ఆ రోజు ఎడం చెయ్యి నా ఒళ్ళో ఉంది. కుడి చేత్తోనే వాయించా. ఎడం చేతి జాగా ఖాళీగా వదిలేశా. నాకు వచ్చింది అంతే, మొదటి చెయ్యే పంపాలని చెప్పింది నేనేగా. తీరా చూస్తే అందరూ ఎడం చెయ్యి ఎడం చెయ్యి అని రాశారు. ముందు ఎగతాళి చేస్తన్నారేమో అనుకున్నా. మీరు అట్టాంటోళ్ళు కాదుగా. తర్వాత ఇక్కడి పిల్లలు చెప్తే తెలిసింది. మీరందరూ అంత సంతోషపడతంటే నిజం చెప్పబుద్ధి కాలా.

నా మాట కూడా మీకు సాఫీగా వినపడతందంటగా. ఇక్కడ నేను మంచినీళ్ళు కావాలంటే రెండుసార్లు అడగాల్సొస్తంది. మీ దగ్గర ఇంకో సువార్తమ్మ ఉంది. ఆమె బాగా వాయిస్తంది, ఆమెనే ఉంచుకోండి. గిడ్డంగి వాళ్ళు వచ్చే వారం వస్తారు. కీబోర్డు ఇచ్చేద్దామనుకుంటన్నా."

కుజుడి మీద వాడని వస్తువు ఇంట్లో ఉంచుకోకూడదు. ఏడాదికోసారి గిడ్డంగి వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పట్టుకుపోయి, కరిగించి, కావలసిన వస్తువు ఇంకొకటి పోతపోస్తారు. ఆవిడ కీబోర్డు ఏ గొట్టాలుగానో, గిన్నెలుగానో మారుతుంది. ఇంకొకటి ఇమ్మంటే ఆ వయసులో, ఆ చేత్తో, ఎవరిస్తారు?

ముందు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. నెట్‌వర్క్ మీద, నా మీద, చివరికి అన్నం పెట్టమని అడిగిన తాతారావు గారి మీద. ఎడమ చెయ్యి లేని మనిషికి నీ ఎడమ చెయ్యి ఎంత హాయిగా ఉందో అని రాశాను. ఇంతకన్నా చెడ్డ మాట శత్రువు కూడా రాయడు. మేం ప్రేమగా రాశాం.

ఆరు

చెరువులు మూడూ ఫర్వాలేదు. నేనే బాగాలేను.

నెట్‌వర్క్ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది.

"మా ఒక్క గుంపుకీ ఈ సవరణ తీసెయ్యమ్మా," అన్నాను.

"అది తీసెయ్యడానికి రాదండీ. పంపే పద్ధతే అది."

"తప్పులు తప్పుల్లాగే వెళ్ళాలి మాకు."

ఆ అమ్మాయి పాపం నిజంగానే ఆలోచించింది. "తప్పులు పోతున్నాయని ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదండీ," అంది.

"అయితే బోణీ నాదే, రాసుకో," అన్నాను. రాసుకుంది. నా నమోదులు చదివేవాళ్ళే దాన్నీ చదువుతారు.

ఏడు

రెండో చెరువు ఏరియేటరు ఆపేశాం. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే పక్క చెరువు గాలి మళ్ళించాం.

తాతారావు గారు దానికి అంటించిన బిళ్ళని ఊడదీసి తుడుస్తున్నారు. రూపాయంత బిళ్ళ. మోటారు ఎలా వణుకుతోందో అది పట్టుకుంటుంది. ఆ వణుకు భూమ్మీద ఏరియేటర్లు చేసినవాళ్ళకి వెళ్తుంది, వాళ్ళు రోగం చెబుతారు.

"ఎడం పక్క బేరింగు పోయిందంట. నేను ముందే అనుకున్నాను," అన్నారు. ఆయన ఏదైనా ముందే అనుకుంటారు, మనకి తర్వాత చెబుతారు.

"అంత దూరం వెళ్ళేసరికి ఆ వణుకుని నెట్‌వర్క్ సర్దెయ్యదా?" అని అడిగాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. "మతుండే అడుగుతున్నావా? జబ్బు మోటార్ని బాగున్నట్టు సూపిత్తే సేపలన్నీ తేలిపోవూ? యంత్రాల వణుకు జోలికి ఆళ్ళు రారు. ఉన్నదున్నట్టు ఎల్లాల్సిందే."

ఆ బిళ్ళ ఆయన చేతిలోంచి లాక్కున్నాను. కీబోర్డు తిరగేసి, స్పీకరు ఉన్న చోట అడుగున అంటించాను. తాతారావు గారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను కూర్చుని వాయించాను. మధ్యలో ఆయన చేత మూత కూడా వేయించాను. దాన్ని రెండో ఏరియేటరు వణుకు అని పేరు పెట్టి, ఒక నకలు జిలానీకి వెళ్ళేలా పంపాను. రైలు చక్రాల వణుకుని చప్పుడుగా మార్చుకుని వినడం రైలు నడిపేవాళ్ళకి రోజూ ఉండే పనే.

ఎనిమిది

కొత్త బేరింగు వేశాం. చేపలు కిందకి దిగాయి.

జిలానీ జవాబు: "ఇప్పుడు వింటి అక్కా నిన్ను. బాయిలోంచి వచ్చినట్ల ఉంది గానీ నువ్వే. మూత ధబీమని పడె. అంతకు ముందు వేలు జారి కీబోర్డు మెట్లు రెండు ఒకేసారి మోగె. నేను ఇక్కడ ఆగినా. శానా దినాలకు నీ తప్పు వింటి, కండ్లల్లో నీళ్ళు వచ్చె."

వెనకాలే ఏరియేటర్లు చేసినవాళ్ళ దగ్గర్నుంచి కూడా కబురు. "మీ రెండో ఏరియేటరు తీవ్రంగా లయ తప్పుతోంది. వెంటనే వాడకం ఆపి వేరొకటి అమర్చుకోండి."

తాతారావు గారు దాన్ని పైకి చదివి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదివారు. "నీకు లయ తప్పుతోందని ఇన్నేళ్ళనుంచీ నేనంటే ఇన్నావా? ఇప్పుడు కంపెనీవోళ్ళే అన్నారు." ఆయన ఇంతలా నవ్వి ఎన్నాళ్ళయిందో. తిట్టబుద్ధి కాలేదు.

తొమ్మిది

చెరువులు ఫర్వాలేదు. గిడ్డంగి వాళ్ళు సువార్తమ్మ గారి వీధి దాకా వచ్చారట.

ఈ ఉపాయం ఆవిడకి రాశాను. విత్తనాల గదిలో ఫ్యాన్లకి ఇవే బిళ్ళలు ఉంటాయి. ఆవిడ ఒప్పుకోలేదు. "ఒంటి చేతి పాట ఏం వింటారమ్మా. కుంటుకుంటా పోతది. మీకు దిగులు, నాకు సిగ్గు. వదిలెయ్."

నాకు కోపం వచ్చింది. పెద్దావిడని కూడా చూడకుండా రాసేశాను: "సువార్తమ్మ గారూ, బాగుందని మిమ్మల్ని ఊరడించడానికి అడగడం లేదు. ఆగిన చోటు ఉంటే చెబుతాం. లేకపోతే లేదని చెబుతాం. ఈ రూలు మీదే."

పంపాక భయమేసింది. అప్పుడు జిలానీ ఒక మంచి పని చేశాడు. గుంపులో అందరినీ బతిమాలి, ఎవరింట్లో ఉన్న యంత్రం పేరుతో వాళ్ళ చేత పాటలు పంపించాడు. ఒకరిది నీళ్ళ మోటారు, ఒకరిది లిఫ్టు, ఒకాయనది పిండిమర. అన్నీ వణుకులే. వాటిని చప్పుడుగా మార్చే పద్ధతి కూడా సువార్తమ్మ గారికి రాసి పంపాడు. ఇన్నాళ్ళకి మా అసలు చేతులు ఆవిడకి వినపడ్డాయి. ఎన్ని తప్పులు, ఎన్ని తడబాట్లు. మా లోకం మాకు తిరిగొచ్చినట్టుంది.

ఆవిడ ఒక్కొక్కరికీ విడివిడిగా రాసింది. నాది ఇది: "నేను ఇక్కడ ఆగా. మూత పడ్డ కాడ కాదు. పడ్డాక నువ్వు మళ్ళీ మొదలుపెట్టిన కాడ. ఈసారి మెట్లు గట్టిగా నొక్కావు, కోపం పోలేదు నీకు."

తన పాట మాత్రం పంపలేదు.

పది

మొదటి చెరువు, రెండో చెరువు, మూడో చెరువు: తర్వాత చూస్తాను.

పొద్దున మేత కలుపుతుంటే వచ్చింది. "విత్తనాల గది. ఫ్యాను వణుకు." చేతులు కూడా కడుక్కోకుండా విన్నాను.

ముందు ఏదో రాపిడి. కుర్చీ జరిపిన చప్పుడేమో. తర్వాత మిరప కోతల రాగం, కుడి చేత్తో. నిదానంగా ఉంది. ఎడమ చెయ్యి ఉండాల్సిన చోట ఏమీ లేదు. అయితే ఆ చోటుని ఆవిడ వదిలెయ్యలేదు. ఎడమ చేతికి ఎంత సేపు పడుతుందో అంతసేపూ కుడి చెయ్యి ఆగి, అప్పుడు ముందుకెళ్తోంది. బస్సు దగ్గర వెనకబడ్డ మనిషి కోసం మనం నిలబడతాం చూడండి, అలాగ. ఆ ఖాళీల్లో నాకు మా గది గాలి చప్పుడు వినపడింది. ఇది నేను ఎన్నడూ వినని పాట. నెట్‌వర్క్ దగ్గరున్న సువార్తమ్మకి ఇది రాదు.

రెండో చరణం మొదలైంది. ఇదివరకు నేను మెచ్చుకున్న చోటు. అక్కడా ఖాళీయే. రాగం దాటిపోయింది. దాటిపోయిన తర్వాత, ఎవరూ అనుకోని చోట, కింద మెట్ల మీద ఒక స్వరం మోగింది. బరువుగా, పక్క మెట్టుని కూడా కలుపుకుని. కుడి చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత పాట చివరిదాకా వెళ్ళింది.

మళ్ళీ విన్నాను. తాతారావు గారు కూడా నా పక్కన కూర్చుని విన్నారు. సంగీతం ఆయనకి పడదు. కానీ ఆ స్వరం దగ్గర మెల్లగా, "అది ఎడం పక్కదేనా?" అన్నారు. తలూపాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

రాశాను: "నేను ఇక్కడ ఆగాను. రెండో చరణంలో, రాగం దాటిపోయాక, కింద మోగిన ఆ ఒక్క స్వరం దగ్గర. ఆలస్యంగా వచ్చింది, పక్క మెట్టుకి తగిలింది. అది మీ ఎడమ చెయ్యే అయితే, నాకు ఇంకేమీ అక్కర్లేదు."

మేత వేసి వచ్చాను. నీళ్ళు చూసి వచ్చాను. మొదటి చెరువు బాగుంది, రెండోది బాగుంది, మూడోదీ బాగుంది. చేపలకి రూలు లేదు, బాగుంది అనొచ్చు.

జవాబు వచ్చింది.

"అది వాయించింది కాదమ్మా. ఒళ్ళో చెయ్యి ఎత్తి మెట్ల మీద పెడదామనుకున్నా, జారి పడింది. తీసేద్దామా అనుకున్నా, మొదటి చెయ్యి కదా అని ఉంచేశా. నువ్వు అక్కడే ఆగావని చదివినాక ఆలోచించా. పడాలంటే ముందు ఎత్తాలిగా. ఎత్తింది నేనే.

గిడ్డంగి వాళ్ళు వచ్చారు. కీబోర్డు వాడుకలో ఉందని చెప్పా. నా మాట వాళ్ళకి తెలియలా, మళ్ళీ చెప్పాల్సొచ్చింది. రెండోసారీ చెప్పా."